మా పెరటి పండ్లలో ఏవి తినదగినవి: ఒక వానకాలపు ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

అల్వాల్‌లోని మా ఇంటి వెనుక, ప్రహరీ గోడకూ పాత బావికీ నడుమ ఎవరూ సాగు చేయని సన్నని జాగా ఒకటి ఉంది. మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడేసరికి అక్కడ ఎవరూ విత్తని మొక్కలు మోకాలెత్తు లేస్తాయి, శ్రావణ భాద్రపదాలు వచ్చేసరికి వాటిలో చాలావాటికి చిన్న చిన్న పండ్లు కాస్తాయి. మా చెల్లెలి పిల్లలు ఈ ఏడు మా దగ్గరే ఉండి చదువుకుంటున్నందున, ఆ పండ్లలో ఏది నోట్లో పెట్టుకోవచ్చో ఏది ముట్టుకోనే కూడదో ఖాయంగా తేల్చుకోవలసి వచ్చింది. అంతా పీకించి బండలు పరిపించమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు గానీ, పిల్లలు ఈ గోడ దాటి బయటికి వెళ్లినా ఇవే మొక్కలు ఖాళీ ప్లాట్లలోనూ చెరువు గట్ల మీదా ఎదురవుతాయి కనుక, పీకడం కంటే గుర్తుపట్టడం నేర్పడమే మేలని నాకు తోచింది.

పని పద్ధతి ఇది. కాయ కాసే ప్రతి మొక్క పక్కనా నంబరు రాసిన వెదురు పుల్ల పాతుతాను. ప్రతి నంబరుకు నోటు పుస్తకంలో ఒక పేజీ కేటాయించి, ఆకుల అమరిక, పువ్వు రంగు, రేకుల సంఖ్య, కాయ అడుగున ఉండే రక్షక పత్రాల తీరు, తుంచితే పాలు కారుతుందా లేదా, కాయ కోస్తే లోపల గింజలు ఎన్ని, ఎలా ఉన్నాయి అన్నవి రాస్తాను. పదిరెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం, తెల్ల పింగాణీ పళ్లెం, స్కేలు, బ్లేడు, చేతి తొడుగులు, కొమ్మలను నొక్కి ఆరబెట్టడానికి పాత దినపత్రికలు సిద్ధం చేసుకున్నాను. మన వానకాలపు తేమకు ఆ పత్రికలను రోజూ మార్చకపోతే రెమ్మలకు బూజు పడుతుంది. పువ్వునూ పండునూ రెండింటినీ ఒకే మొక్క మీద చూడనంత వరకు పేజీ మీద పేరు రాయకూడదన్న నియమం మాత్రం కచ్చితంగా పెట్టుకున్నాను. ఫోనులో ఫొటో తీసి పేరు అడిగే యాప్‌లు వాడుతున్నాను కానీ, అవి కుటుంబం వరకూ బాగానే చెప్పి, జాతి దగ్గరకు వచ్చేసరికి తడబడుతున్నాయి. తినడం తినకపోవడం తేలేది ఆ జాతి దగ్గరే కాబట్టి, యాప్ చెప్పిన పేరును పేజీ అంచున పెన్సిలుతో మాత్రమే రాస్తున్నాను.

జులై రెండో వారం: మొదటి పుల్ల, కామంచి

అన్నిటికంటే ముందు పండింది ఇదే. ఇంట్లో పనికి వచ్చే పెద్దమ్మది మెదక్ వైపు ఊరు. ఆమె చూడగానే, "గిది కామంచి బిడ్డా, నల్లగైనంక తినాలె, పచ్చిది తింటే కడుపుల నొస్తది" అన్నది. నేను తరువాత చదివి తెలుసుకున్నదంతా ఆ ఒక్క వాక్యానికి వివరణే తప్ప వేరు కాదు.

మొక్క రెండడుగులు దాటలేదు. పువ్వు చిన్నది, తెల్లనిది, అయిదు రేకులు వెనక్కి విచ్చుకొని నడుమ పసుపుపచ్చని కేసరాలు ఒకదానికొకటి ఆనుకొని మొనలా నిలుస్తాయి. కాయల గుత్తి ఆకు మొదట్లో నుంచి కాక రెండు ఆకుల నడుమ కాండం మీద నుంచి పుట్టడం ఈ మొక్కలో గమనించదగిన గుర్తు. ఒక్కొక్క పండు అయిదు నుంచి పది మిల్లీమీటర్లు ఉంటుంది. కోస్తే పలుచని గుజ్జులో చదునైన లేత పసుపు గింజలు చాలా ఉన్నాయి.

ఇంతవరకూ సులువే. అయితే బావి వైపు మొక్కకు మిలమిల మెరిసే నల్లని పండ్లు, గోడ వైపు మొక్కకు నారింజ రంగు పండ్లు కాయడంతో పని పెరిగింది. వృక్షశాస్త్రజ్ఞులు ఇక్కడ ఒక్క జాతిని కాక ఒక గుంపును చూస్తారు. పండు మెరుగు లేకుండా నల్లగా ఉండేది సొలానమ్ నైగ్రమ్. పండు మెరుస్తూ, దాని అడుగున రక్షక పత్రాలు పూర్తిగా వెనక్కి మడిచినట్టు ఉండి, కాయలన్నీ ఒకే బిందువు నుంచి గొడుగు పుల్లల్లా వేలాడితే అది సొలానమ్ అమెరికానమ్. నారింజ నుంచి ఎరుపు వరకు మారే పండ్లది సొలానమ్ విల్లోసమ్. వీటి క్రోమోజోముల సంఖ్యలే వేరు: అమెరికానమ్‌కు 24, విల్లోసమ్‌కు 48, నైగ్రమ్‌కు 72. మా బావి దగ్గరది మొదట నేను అనుకున్నట్టు నైగ్రమ్ కాక అమెరికానమ్‌గా తేలింది. తినే విషయంలో మాత్రం మూడింటికీ ఒకటే తీర్పు. బాగా పండినవి తినవచ్చు, పచ్చివి తినకూడదు. పచ్చి కాయల్లో సొలానిన్ వంటి గ్లైకోఆల్కలాయిడ్లు అనే విష పదార్థాలు ఉంటాయి. వెలుతురు తగిలి పచ్చబడిన బంగాళాదుంపను మనం పారేసేది కూడా ఈ జాతి పదార్థాల వల్లనే. ఉడకబెట్టినంత మాత్రాన అవి పెద్దగా తగ్గవు, ఎక్కువగా తింటే వాంతులు, విరేచనాలు, తలనొప్పి వస్తాయి.

ఇంటర్నెట్‌లో ఈ పండు బొమ్మ వెతికితే వెంటనే భయపెట్టే రాతలు కనిపిస్తాయి. అవి చాలావరకు అట్రోపా బెల్లడోనా అనే వేరే మొక్కను గురించినవి. అది ఐరోపా, పశ్చిమాసియాల చల్లని నేలల మొక్క, దాని దగ్గరి బంధువు ఒకటి మన దేశంలో కశ్మీరు వైపు హిమాలయాల్లో పెరుగుతుంది. దక్కను పీఠభూమిలో అది దానంతటది మొలవదు. పైగా దాని పువ్వు గంట ఆకారంలో ఊదాగోధుమ రంగులో ఉంటుంది, పండు గుత్తిగా కాక ఆకు మొదట్లో ఒంటరిగా, నక్షత్రంలా పరుచుకున్న పెద్ద రక్షక పత్రాల మీద కూర్చొని ఉంటుంది. ఈ ఒక్క తేడా పిల్లలకు బొమ్మ గీసి చూపిస్తే చాలు.

తీర్పు: తినవచ్చునన్న గుర్తుగా పచ్చ రిబ్బను, "నల్లగా లేదా నారింజగా మెత్తబడినవి మాత్రమే" అన్న చీటీతో. తమిళ సరుకుల దుకాణాల్లో ఈ కాయలనే ఎండబెట్టి మణత్తక్కాళి వత్తల్ పేరిట అమ్ముతారని మా పక్కింటి అత్తయ్య చెప్పి, ఒక పొట్లం తెచ్చి చూపించారు కూడా.

జులై ఆఖరు: బుడ్డబూసర, దాని పక్కనే పెన్నేరు

కాగితపు బుడగ లాంటి తొడుగులో పండు దాగి ఉండే మొక్కలు రెండు, మా గోడ వార ఒకదానికొకటి రెండు గజాల దూరంలో మొలిచాయి. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ ఆసక్తి కలిగించిన జంట ఇది. తొడుగు చూసి తినవచ్చని నేర్చుకున్న పిల్లవాడు రెండో మొక్క దగ్గర పొరబడడానికి పూర్తి అవకాశం ఉంది.

మొదటిది బుడ్డబూసర, ఫైసాలిస్ ప్రజాతి. లేతగా, నున్నగా పెరిగి ఒక్క వానకాలంతో ఆయుష్షు తీరే మొక్క ఇది. లేత పసుపు పువ్వు ఆకు మొదట్లో ఒంటరిగా తలవంచుకొని పూస్తుంది, పువ్వు రాలాక రక్షక పత్రాలు ఉబ్బి కాయను పూర్తిగా కప్పేస్తాయి. చలికాలం చివర నగరంలో తోపుడు బండ్ల మీద అమ్మే రస్‌భరీ దీనికి పెద్దక్క వరస. రెండోది పెన్నేరు, అంటే అశ్వగంధ, విథానియా సోమ్నిఫెరా. కాండం కొయ్యబారి ఏళ్ల తరబడి ఉంటుంది. ఆకులూ కొమ్మలూ బూడిద రంగు నూగుతో మెత్తగా తగులుతాయి, ఆకుపచ్చ పసుపు కలిసిన చిన్న పువ్వులు నాలుగైదు ఒకేచోట గుంపుగా వస్తాయి, తొడుగు చీల్చితే లోపలి పండు ముదురు నారింజ ఎరుపులో నిగనిగలాడుతుంది. వేరును వైద్యులు మందుగా వాడతారన్న మాట నిజమే. పండుకు ఆ మాట వర్తించదు, అది తినే పండు కాదు.

కనుక పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పాను. ఆకు మీద నూగు ఉందా? కణుపు దగ్గర తొడుగు ఒకటా, గుంపా? లోపలి పండు పసుపా, ఎరుపా? నూగు, గుంపు, ఎరుపు కనిపిస్తే చేతులు వెనక్కి తీసుకోవాలి. బుడ్డబూసరలో కూడా తొడుగు పచ్చగా ఉన్నప్పుడు లోపలి కాయ తినకూడదు. తొడుగు గడ్డి రంగుకు మారి, ఎండి, తనంతట తాను నేల మీద రాలినవే ఏరుకోవాలి. రుచిలో కొద్దిగా పులుపు, కొద్దిగా టమాటా వాసన ఉంటుంది, నాకైతే కామంచి కంటే ఇదే బాగుంది.

ఆగస్టు మొదటి వారం

ఈ వారం తేలికగా తేలిపోయినవి రెండు. బచ్చలి తీగ పండ్లు విషం కావు, కానీ తినడానికి వాటిలో చెప్పుకోదగ్గ రుచీ లేదు. ఆ ఊదా రసం బట్టకు అంటితే పోదు, పిల్లలు దానితో సిరా చేసుకుంటున్నారు. కరివేప చెట్టు కింద నల్లబడి రాలిన పండ్ల గుజ్జు తియ్యగా, కాస్త ఘాటుగా ఉంటుంది. గింజను మాత్రం మింగకుండా, నమలకుండా ఉమ్మేయాలి. గుజ్జు చాలా పలుచన, గింజ పెద్దది, కాబట్టి చిన్న పిల్లలకు ఇది అంత ఉపయోగపడే పండు కాదని రాసుకున్నాను.

ఆగస్టు మూడో వారం: పక్షులు తింటే మనమూ తినవచ్చునా

ఈ ప్రశ్న వేసింది మా చిన్నవాడు. ఎదురుగా డురాంటా కంచె మీద పిగిలిపిట్టలు పసుపుపచ్చని పండ్లను తృప్తిగా మింగుతుంటే వాడి అనుమానం సహజమే. హైదరాబాదు కాలనీల్లో సగం ఇళ్ల ముందు కత్తిరించి పెంచే కంచె ఇదే. కత్తిరిస్తూ ఉంటే పూయదు, మా వెనుక వైపు లాగా వదిలేస్తే నీలి ఊదా పూలు పూసి, ఆపైన బంగారు పూసల దండల్లా కాయలు వేలాడదీస్తుంది. ఆ పండ్లలో సాపోనిన్లు ఉన్నాయి, పిల్లలు తింటే వాంతులు, మగత వంటివి కలుగుతాయి. పక్షి పండును నమలదు, మింగుతుంది, గింజ చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. దాని జీర్ణవ్యవస్థ వేరు, మనది వేరు. పక్కింటి తురకవేప కూడా ఇందుకు రుజువే. ఆ పండ్లు పక్షులకు ఆహారం, మనుషులకు విషం. వేపకూ తురకవేపకూ తేడా చూపించడం ఈ సందర్భంగానే జరిగింది: వేప ఈనెకు రెండు వైపులా ఆకులు ఒక్కసారే చీలి ఉంటాయి, తురకవేపలో ఈనె మళ్లీ పిల్ల ఈనెలుగా విడిపోయి వాటికి ఆకులు ఉంటాయి. వేపపండు కోలగా ఉండి వానల మొదట్లోనే రాలిపోతుంది, తురకవేప పండు గుండ్రంగా ఉండి ఆకులు రాలిన చలికాలపు కొమ్మల మీద కూడా నిలిచి ఉంటుంది.

లాంటానా విషయంలో నేను చాలాసేపు ఆలోచించాను. దీన్ని మన వైపు తలంబ్రాల చెట్టు అంటారు. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా తోటలకు అలంకారం కోసం తెచ్చిన అమెరికా మొక్క ఇప్పుడు దేశమంతటా కంపలా అల్లుకుపోయింది. దీని ఆకులు మేసిన పశువులకు లాంటాడీన్లు అనే విష పదార్థాల వల్ల కాలేయం దెబ్బతిని, ఎండ తగిలిన చోట చర్మం పుండ్లు పడుతుంది. బాగా నల్లబడిన పండ్లను పల్లెల్లో పిల్లలు తింటారన్నది నిజం, పెద్దమ్మ కూడా తిన్నానంటుంది. అయినా ఒకే గుత్తిలో పచ్చివీ నల్లవీ కలిసే ఉంటాయి, హాని ఉన్నది పచ్చివాటిలో, గుత్తిని గుప్పెటతో దూసుకునే అలవాటు పిల్లలది. కనుక పండిన పండు మంచిదేనన్న వాదన ఎంత సరైనదైనా మా పెరట్లో దీనికి ఎర్ర రిబ్బనే కట్టాను.

ఆగస్టు చివర: పాలు కారే కాయలు

పాలు కారితే విషమని పెద్దలు చెప్పే సూత్రం ఒకటి ఉంది. దాన్ని పరీక్షించడానికి మా పెరటిలోనే రెండు సాక్ష్యాలున్నాయి. వాక్కాయను తుంచితే చిక్కని తెల్లని పాలు వస్తాయి, ఆ వాక్కాయతోనే మనం పప్పూ పచ్చడీ చేసుకుంటాం. పచ్చగన్నేరును తుంచినా అవే పాలు. కానీ దాని గింజల్లోని థెవెటిన్ మొదలైన పదార్థాలు గుండె లయను చెదరగొట్టి ప్రాణం తీయగలవు. కాబట్టి ఆ సూత్రం పాలు చూసి జాగ్రత్తపడటానికి పనికి వస్తుందే గానీ, పాలు లేవు కదా అని తినడానికి పనికిరాదు. మా కామంచిలోనూ పెన్నేరులోనూ పాలే లేవు.

పచ్చగన్నేరు కాయ పచ్చగా, పొడవు కంటే వెడల్పు ఎక్కువగా, నడుమ గట్టు దేలి ఉంటుంది, ముదిరి నల్లబడి రాలుతుంది. పిల్లలు దాన్ని ఆట వస్తువుగా ఏరుకోవడమే నాకు పెద్ద దిగులు. అమ్మకు పూజకు ఆ పసుపు పూలు కావాలి. చివరకు చెట్టును తీసేసి ఆ చోట పసుపు మందారం నాటడానికి ఆమె ఒప్పుకుంది. కొట్టిన కొమ్మలను కాల్చకుండా, చేతి తొడుగులతో మూటగట్టి పంపించాం.

సెప్టెంబరు, వినాయక చవితి ముందు: కంచె తీగలు

కంచె మీద ఎర్రని పండ్లున్న తీగలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఈ చిక్కు విప్పడానికి, నొక్కి ఆరబెట్టిన రెమ్మలను మా వీధి చివర ఉండే, వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన సార్ దగ్గరకు తీసుకువెళ్లాను. "పండు చూసి మొదలుపెట్టకండి, నులితీగ చూడండి" అన్నారు ఆయన. నిజంగానే కాకిదొండ నులితీగ చీలకుండా ఒక్కటిగా ఉంటుంది, పువ్వు పెద్దది, తెల్లనిది, పండు నిండు ఎరుపు. లింగదొండ నులితీగ చివర రెండుగా చీలుతుంది, ఆకు వేళ్లలా లోతుగా చీలి ఉంటుంది, పువ్వు చిన్నది, గుండ్రని పండు మీద తెల్లని చారలు నిలువునా దిగుతాయి. లింగదొండ తినదగినది కాదు. కాకిదొండ మనం వండుకునే దొండ జాతిదే అయినా అడవి తీగ కాయలు చేదుగా ఉంటే వండకూడదు. దొండ, సొర, దోస కుటుంబంలో చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు ప్రమాదకరం, చేదు సొరకాయ రసం తాగి ఆస్పత్రి పాలైనవారు మన దేశంలో ఉన్నారు.

అదే కంచె మీది తెల్లజుమికి తీగ పిల్లలకు ఇష్టమైనది. నలిపితే ఘాటైన వాసన కొట్టే మూడు మొనల ఆకు, కాయ చుట్టూ జల్లెడ అల్లినట్టు జిగురు వెంట్రుకల తొడుగు దీని గుర్తులు. ఆ జిగురుకు చిన్న పురుగులు అంటుకొని చనిపోవడాన్ని భూతద్దంతో చూపించాను. పసుపు నారింజ రంగుకు వచ్చిన పండులో గింజల చుట్టూ ఉండే గుజ్జు తియ్యనిది, తినవచ్చు. పచ్చికాయల్లో సయనైడును విడుదల చేసే పదార్థాలు ఉంటాయి, వాటిని తెంపనే కూడదు.

ఇక గురివింద. ఇది పండు కాదు, కాయ పగిలి బయటపడిన గింజ. కానీ ఎరుపు మీద నల్ల చుక్కతో పెరటిలో అన్నిటికంటే ముందు చెయ్యి పోయేది దాని మీదికే. కంసాలులు బంగారాన్ని తూచిన ఆ గింజ లోపల ఏబ్రిన్ అనే ప్రోటీను ఉంది. గట్టి పెంకు పగలకుండా కడుపులోకి పోతే చాలాసార్లు హాని లేకుండా బయటికి వచ్చినా, నమిలినా, దారం కోసం రంధ్రం చేసినా ఆ రక్షణ పోతుంది. చవితికి మట్టి గణపతికి కళ్లుగా గురివిందలు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఈ ఏడు కళ్లకు మిరియాలు పెట్టాం. తీగను వేరుతో తీసి, రాలిన గింజలన్నీ ఏరి, మూత బిగించిన సీసాలో పెట్టి అటక మీద ఉంచాను.

సెప్టెంబరు చివర: తినడానికి ముందు

పేరు ఖాయమైనా అన్నీ తినడానికి లేదు. మురుగు కాలువ వార మొలిచిన కామంచినీ, దోమల మందు కొట్టిన వారంలో కోసిన దేనినీ ముట్టడం లేదు. కొత్త పండును పెదవికి రుద్ది, కాసేపు ఆగి, కొద్దిగా కొరికి చూడమని చెప్పే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉంది, దాన్ని మా ఇంట్లో నిషేధించాను. మంట పుట్టించని విషాలు చాలా ఉన్నాయి, గంటల తరువాత గాని బయటపడనివీ ఉన్నాయి. పేరు తేలిన పండును కూడా మొదటిసారి రెండు మూడుకు మించి తినవద్దని నియమం.

గేటు లోపలి వైపు ఒక కాగితం అంటించాను. పిల్లలు ఏదైనా మింగితే బలవంతంగా వాంతి చేయించకూడదు, ఆ మొక్క కొమ్మను కాయతో సహా కవరులో వేసుకొని ఆస్పత్రికి వెళ్లాలి, 108కి ఫోను చేయాలి, ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117. కొమ్మ తీసుకువెళ్లడం అన్నిటికంటే ముఖ్యమని సార్ చెప్పారు. డాక్టరుకు "ఏదో ఎర్ర కాయ" అన్న మాటతో ఏ ఆధారమూ దొరకదు.

అక్టోబరు మొదటి వారం

బావి వెనుక పుల్ల దగ్గరి పొద ఒక్కటే ఇంకా పేరు లేకుండా ఉంది. చిన్న చిన్న గుండ్రని ఆకులు, ఆకుల మొదళ్లలో పచ్చని చిట్టి పూలు చూసి నల్లపురుగుడు అయి ఉండవచ్చునని పెన్సిలుతో రాసుకున్నాను. కానీ కొమ్మల చివరలు ముళ్లలా గట్టిపడుతుండడంతో తెల్లపురుగుడు వైపు మొగ్గు కనిపిస్తోంది. నల్లపురుగుడు పండు ఊదానలుపుగా మారుతుంది, తెల్లపురుగుడు పండు తెల్లగా, ముత్యపు రంగులో పండుతుంది. కాయలు ప్రస్తుతం పచ్చగానే ఉన్నాయి. రంగు తిరిగేదాకా పుల్లకు రిబ్బను కట్టడం లేదు, పిల్లలను ఆ వైపు పోనివ్వడం లేదు.